అమెరికాలో అమ్మానాన్నల ఉద్యోగం పోతే కాలేజీ ఆర్థిక సహాయం: ఎవరిని, ఎప్పుడు, ఏ కాగితాలతో అడగాలి

మార్చి నెలాఖరున ఇంట్లో ఒకరి ఉద్యోగం పోయింది. ఆగస్టులో అమ్మాయి కాలేజీలో చేరాలి. ఆర్థిక సహాయం కోసం నింపిన ఫాఫ్సా దరఖాస్తు మాత్రం ఆ ఇంటికి నెలనెలా జీతం వచ్చిన రోజుల లెక్కనే చూసి, ఈ కుటుంబం ఫీజులో ఎక్కువ భాగం కట్టుకోగలదని తేల్చేస్తుంది. దీనికి కారణం ఫాఫ్సా ఆదాయాన్ని రెండేళ్ల వెనక్కి వెళ్లి చూడటమే. 2017–18 విద్యా సంవత్సరం నుంచి ఈ పద్ధతే నడుస్తోంది. 2026–27 చదువుకు ఆధారం 2024 పన్ను రిటర్ను. 2026లో పోయిన ఉద్యోగం ఆ రిటర్నులో కనబడదు, ఫారంలో ఆ సంగతి రాసి ఆదాయాన్ని తగ్గించి చూపే వీలూ లేదు.

అందువల్ల చాలామంది ఫారం నింపి, వచ్చిన జవాబు చూసి, ఇక చేయగలిగింది లేదనుకుని ఆగిపోతారు. నిజానికి అసలు పని అక్కడే మొదలవుతుంది. మారిన పరిస్థితిని లెక్కలోకి తీసుకునే అధికారాన్ని చట్టం వాషింగ్టన్‌లోని విద్యాశాఖకు కాక, మీ అమ్మాయి చదివే కాలేజీలోని ఫైనాన్షియల్ ఎయిడ్ అధికారికి ఇచ్చింది. ఆ అధికారికి మీ ఇంటి సంగతి మీరు చెబితే తప్ప తెలియదు. ఏ క్రమంలో, ఎలాంటి ఆధారాలతో చెప్పాలో ఈ మార్గదర్శి వివరిస్తుంది.

మొదటి అడుగు: మీ బిడ్డ ఏ కోవలోకి వస్తారో తేల్చుకోండి

ఫెడరల్ సహాయానికి చూసేది విద్యార్థి హోదాను. తల్లిదండ్రుల హోదాతో దానికి పనిలేదు. ఈ ఒక్క విషయంలో మన కుటుంబాల్లో ఉన్నంత గందరగోళం మరెక్కడా ఉండదేమో. తండ్రి హెచ్-1బి ఉద్యోగ వీసా మీద, తల్లి దానికి అనుబంధంగా వచ్చే హెచ్-4 మీద ఉన్నా, బిడ్డ అమెరికాలో పుట్టిన పౌరుడైతే తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటుకు, ఫెడరల్ రుణానికి, చదువుతూ పనిచేసే వర్క్-స్టడీకి నిరభ్యంతరంగా దరఖాస్తు చేసుకోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్న విద్యార్థికీ ఇదే వర్తిస్తుంది. తల్లికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఆమె స్టూడెంట్ ఎయిడ్ ఖాతా తెరిచి, ఫారంలో తన వంతు సమ్మతి తెలపవచ్చు.

బిడ్డ కూడా హెచ్-4 మీదే ఉంటే ఫెడరల్ సహాయం రాదు. అలాంటి విద్యార్థికి మిగిలే ముఖ్యమైన దారి కాలేజీ తన సొంత నిధుల నుంచి ఇచ్చే గ్రాంటు. దానికోసం కాలేజ్ బోర్డు నడిపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే వేరే దరఖాస్తును అనేక ప్రైవేటు కాలేజీలు అడుగుతాయి. అది పౌరులు కాని వారూ నింపవచ్చు. ఫాఫ్సాతో పోలిస్తే ఈ దరఖాస్తులో ఒక మేలు ఉంది. పాత ఏడాది ఆదాయంతో పాటు ప్రస్తుత సంవత్సరపు అంచనాను కూడా అడుగుతుంది, ప్రత్యేక పరిస్థితులను వివరించుకోవడానికి చోటు ఇస్తుంది. కాబట్టి ఉద్యోగం పోయిన సంగతి మొదటిసారే చెప్పుకోవచ్చు.

హెచ్-1బి ఉద్యోగం పోయినవారికి మరో గడియారం కూడా నడుస్తూ ఉంటుంది. కొత్త ఉద్యోగం చూసుకోవడానికో, హోదా మార్చుకోవడానికో గరిష్ఠంగా 60 రోజులు, లేదా దేశంలో ఉండటానికి అనుమతించిన తేదీని చూపే ఐ-94 పత్రం గడువు, ఏది ముందైతే అంతవరకే వ్యవధి. ఆ హడావిడిలో మరో రాష్ట్రానికి మారాలని నిర్ణయించుకునే ముందు, అబ్బాయి స్టేట్ యూనివర్సిటీలో స్థానిక విద్యార్థి ఫీజుతో చదువుతుంటే, అక్కడి రెసిడెన్సీ విభాగాన్ని తప్పక అడగండి. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థి స్థానికతను సాధారణంగా తల్లిదండ్రుల నివాసాన్ని బట్టే చూస్తారు. చేరిన తరువాత కుటుంబం తరలిపోతే ఏమవుతుందన్నది రాష్ట్రానికో రకంగా ఉంటుంది. గ్రాంటు కోసం నెలల తరబడి పోరాడి, స్థానికత పోగొట్టుకుని అంతకు రెట్టింపు ఫీజు కట్టడం తెలివైన బేరం కాదు.

ఇక హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తండ్రి ఉద్యోగం పోయి, ఇక్కడ ఎఫ్-1 మీద చదువుతున్న విద్యార్థికి డబ్బు ఆగిపోతే, ఫాఫ్సా అతనికి సంబంధించినది కాదు. అతనికి వేరే దారి ఉంది. ఊహించని విధంగా పోషకుల ఆర్థిక స్థితి దెబ్బతిన్నప్పుడు, తీవ్ర ఆర్థిక ఇబ్బంది కారణం చూపి క్యాంపస్ బయట పనికి అనుమతి కోరవచ్చు. ఎఫ్-1 హోదాలో ఒక పూర్తి విద్యా సంవత్సరం గడిచి ఉండాలి, చదువు సక్రమంగా సాగుతుండాలి, కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి సిఫారసు చేయాలి, ఆ తరువాత ఐ-765 దరఖాస్తు పెట్టాలి. అనుమతి కార్డు చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలి. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడదు. కార్డు రాకముందే ఎక్కడో ఒక కొట్టులో నగదుకు పనిచేస్తే హోదాకే ముప్పు వస్తుంది, అప్పుడు ఫీజు సమస్య చిన్నదైపోతుంది.

రెండో అడుగు: ఫాఫ్సాను ఉన్నది ఉన్నట్టే నింపండి

ఉద్యోగం పోయిన కోపంలో 2024 ఆదాయానికి బదులు ఈ ఏడాది అంచనాను రాయాలని అనిపించడం సహజం. అలా చేయకండి. ఆదాయ వివరాలు ఇప్పుడు పన్నుల శాఖ నుంచి నేరుగా ఫారంలోకి వస్తాయి. అందుకు విద్యార్థీ, ఫారంలో భాగమైన తల్లిదండ్రులూ సమ్మతి తెలపాలి. సమ్మతి ఇవ్వకపోతే ఫెడరల్ సహాయానికి అర్హతే ఉండదు. తెలిసి తప్పుడు వివరాలు ఇస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు శిక్ష ఉంటాయని ఫారమే హెచ్చరిస్తుంది.

ఫారం నింపగానే ఎస్ఏఐ (స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్) అనే సంఖ్య వస్తుంది. 2024–25కు ముందు దీని స్థానంలో ఈఎఫ్‌సీ ఉండేది. ఇది తక్కువగా ఉన్నకొద్దీ అవసరం ఎక్కువని లెక్క. కనిష్ఠంగా మైనస్ 1,500 వరకు వెళ్లవచ్చు. ఉద్యోగం పోయిన ఇంటికి ఈ సంఖ్య భయంకరంగా కనిపిస్తుంది. ఇది బిల్లు కాదు. కాలేజీ అధికారి తరువాత సరిదిద్దడానికి ఉపయోగపడే ముడిసరుకు మాత్రమే.

గడువుల విషయంలో అలసత్వం వద్దు. ఫెడరల్ గడువు విద్యా సంవత్సరం ముగిసే జూన్ 30 దాకా ఉంటుంది కానీ, రాష్ట్రాల గడువులు, కాలేజీల ప్రాధాన్య తేదీలు చాలా ముందే వస్తాయి. కాలిఫోర్నియాలో క్యాల్ గ్రాంటుకు సాధారణంగా మార్చి 2 తేదీని చూసుకోవాలి. ఉద్యోగం పోయే సూచనలున్నా, ఇప్పటి జీతానికి ఏమీ రాదులే అనిపించినా, ఫాఫ్సా వేసి ఉంచండి. ఫాఫ్సా ఫైలులో లేకుండా ఫెడరల్ సహాయాన్ని ఎవరూ సరిదిద్దలేరు.

మూడో అడుగు: ఫారం మీద సంతకం చేసే రోజున మీ చేతిలో ఏముందో చూసుకోండి

ఆదాయం రెండేళ్ల కిందటిదైనా, ఆస్తులు మాత్రం సంతకం చేసే రోజు నాటివి. ఇక్కడే సెవరెన్స్, అంటే ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, మెలిక పెడుతుంది. ఎనిమిది వారాల జీతం ఒకేసారి బ్యాంకులో పడిన మరునాడు ఫారం నింపితే, వచ్చే ఆరునెలల ఇంటి ఖర్చు కోసం దాచిన ఆ మొత్తం ఆస్తిగా కనబడుతుంది. తల్లిదండ్రుల ఆస్తుల మీద, ఎస్ఏఐని లెక్కగట్టే సూత్రం వేసే భారం గరిష్ఠంగా సుమారు 5.64 శాతం. విద్యార్థి పేర ఉన్న డబ్బు మీద ఏకంగా 20 శాతం. అందువల్ల కంపెనీ ఇచ్చిన సొమ్మును పిల్లల ఖాతాలో పెట్టడం పొరపాటు. క్రెడిట్ కార్డు బాకీలను సూత్రం లెక్కలోకి తీసుకోదు కాబట్టి, ఎటూ తీర్చవలసిన బాకీ ఉంటే ఫారానికి ముందే తీర్చేయడం న్యాయమైన పద్ధతి. అదే తర్కంతో ఉన్న నగదంతా ఇంటి రుణానికి కట్టేయమని కొందరు సలహా ఇస్తారు. జీతం లేని ఇంట్లో చేతిలోని నగదే ఊపిరి కాబట్టి, నేనైతే ఆ సలహా ఇవ్వను.

ఉంటున్న ఇల్లు, 401కె, ఐఆర్ఏ వంటి పదవీ విరమణ ఖాతాలు ఫాఫ్సా ఆస్తుల లెక్కలోకి రావు. సీఎస్ఎస్ ప్రొఫైల్ అడిగే కాలేజీల్లో చాలావరకు ఇంటి విలువను కూడా చూస్తాయి.

మన కుటుంబాలు తరచు మరచిపోయేది భారతదేశంలోని ఆస్తి. శంషాబాద్ వైపు కొన్న ప్లాటు, గుంటూరులో అద్దెకిచ్చిన ఫ్లాటు, ఎన్ఆర్ఈ ఖాతాలోని ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఇవన్నీ మీ పేరున ఉంటే మీ ఆస్తులే, ఏ దేశంలో ఉన్నా చూపించవలసినవే. ఇవి నాన్నగారి పేర ఉండి, మీకు రేపెప్పుడో రావలసినవైతే చూపనక్కర్లేదు. పేరు ఎవరిదో, విలువ ఎంతో, దానిపై బ్యాంకు రుణం ఎంతో కాగితం మీద రాసి పెట్టుకోండి. అమ్ముడుపోని భూమితో ఫీజు కట్టలేమన్న మాట నిజమే, ఆ మాటను అధికారికి రాసే లేఖలో చెప్పుకోవచ్చు. ఫారంలో దాచడం మాత్రం కుదరదు.

నాలుగో అడుగు: అడుగుతున్నది ఏమిటో సరిగ్గా తెలుసుకుని అడగండి

1965 నాటి ఉన్నత విద్యా చట్టంలోని 479ఏ సెక్షను, ఒక్కో విద్యార్థి పరిస్థితిని విడిగా పరిశీలించి ఫాఫ్సాలోని వివరాలను మార్చే అధికారాన్ని కాలేజీ ఎయిడ్ అధికారికి ఇచ్చింది. దీనినే ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. కాలేజీ వెబ్‌సైట్లలో స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్ అప్పీల్ అనో, ఆదాయ మార్పు అభ్యర్థన అనో కనబడుతుంది. ఇటీవల ఉద్యోగం పోవడాన్ని చట్టమే ఉదాహరణగా పేర్కొంది. బీమా భరించని వైద్య ఖర్చులు, పిల్లల లేదా వృద్ధుల సంరక్షణకు అసాధారణంగా పెరిగిన ఖర్చు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2020 డిసెంబరులో వచ్చిన ఫాఫ్సా సరళీకరణ చట్టం మరో రెండు ముఖ్యమైన మాటలు చేర్చింది. ఇలాంటి అభ్యర్థనలన్నిటినీ మూకుమ్మడిగా తిరస్కరించే విధానం ఏ కాలేజీకీ ఉండకూడదు, ఇలా అడగవచ్చన్న సంగతిని కాలేజీ బహిరంగంగా తెలియజేయాలి. కాబట్టి ఫోనులో ఎవరైనా మేము అలాంటివి చేయం అంటే, మర్యాదగా సూపర్వైజరుతో మాట్లాడించమని అడగండి.

అధికారి సూత్రాన్ని గానీ, ఎస్ఏఐ సంఖ్యను గానీ నేరుగా మార్చలేరు. సూత్రంలోకి వెళ్లే వివరాలను, అంటే 2024 జీతం స్థానంలో ఇప్పటి అంచనా ఆదాయాన్ని, మార్చి మళ్లీ లెక్క వేయిస్తారు. ప్రతి మార్పుకూ ఫైలులో ఆధారం ఉండాలి. అందుకే మీ కష్టాన్ని ఎంత హృదయవిదారకంగా వర్ణించారన్న దానికంటే, ఏ అంకెను ఏ కాగితంతో నిరూపించారన్నదే వారికి పని చేసి పెడుతుంది. ఫాఫ్సా వెరిఫికేషన్‌కు, అంటే వివరాల తనిఖీకి, ఎంపికై ఉంటే ఆ తంతు ముందుగా పూర్తి కావాలి. అది పెండింగులో ఉండగా అప్పీలు కదలదు.

ఒక కాలేజీ ఒప్పుకున్నంత మాత్రాన మరో కాలేజీ ఒప్పుకోవాలని లేదు. నాలుగు కాలేజీల్లో సీటు వస్తే నాలుగుచోట్లా విడివిడిగా అడగాలి. ఒకరి నిర్ణయం నచ్చకపోతే ఫెడరల్ విద్యాశాఖకు వెళ్లి అప్పీలు చేసుకునే వీలు లేదు. కొత్త ఆధారం ఉంటే అదే కాలేజీలో పునఃపరిశీలన కోరవచ్చు.

ఐదో అడుగు: కాగితాలు సమకూర్చుకోండి

ఉద్యోగం పోయిన తేదీతో కంపెనీ ఇచ్చిన లేఖ మొట్టమొదటిది. జూమ్ కాల్‌లో చెప్పి పంపించేసిన కంపెనీ అయినా, మానవ వనరుల విభాగం నుంచి ఒక ఈమెయిలు తెప్పించుకోవచ్చు. ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేస్తే ఆఫీసు మెయిలు అందదు గనుక, ఆ లేఖను, చివరి పే స్టబ్‌ను ఆ రోజే సొంత మెయిలుకు తెప్పించుకోవాలి. చివరి పే స్టబ్‌లో ఆ సంవత్సరం ఇప్పటిదాకా వచ్చిన మొత్తం ఉంటుంది, అంచనాకు అదే పునాది. దానితో పాటు సెవరెన్స్ ఒప్పందం, రాష్ట్రం నుంచి వచ్చిన అన్‌ఎంప్లాయ్‌మెంట్ నిర్ణయ పత్రం, జీవిత భాగస్వామి ఇటీవలి పే స్టబ్‌లు, 2024, 2025 పన్ను రిటర్నులు, కంపెనీ ఏటా ఇచ్చే జీతం పత్రాలు (డబ్ల్యు-2లు) కావాలి. నిరుద్యోగ భృతికి అర్హత లేదని రాష్ట్రం తిరస్కరించినా ఆ తిరస్కరణ పత్రమూ ఆధారమే. వర్క్ వీసా మీద ఉన్నవారికి ఈ భృతి తరచు చిక్కే, అందువల్ల ఆ సంగతిని ఒక్క వాక్యంలో వివరించి పెట్టండి.

టెక్ కంపెనీల్లో పనిచేసినవారు మరొక కాగితం చేర్చాలి. 2024లో కంపెనీ షేర్లు చేతికి వచ్చి, ఆ విలువ డబ్ల్యు-2లో జీతంతో కలిసిపోయి ఉంటే, మీ ఆదాయం ఆ ఏడాది ఉబ్బి కనిపిస్తుంది. ఆ భాగం ఎంతో బ్రోకరేజీ పత్రంతో విడగొట్టి చూపిస్తే, అది మళ్లీ రాని ఆదాయమని అధికారి పరిగణించే అవకాశం ఉంది.

ఆరో అడుగు: రాబోయే ఆదాయాన్ని లెక్కగట్టండి

మొత్తం వ్యవహారంలో ఎక్కువ డబ్బు తేడా తెచ్చేది ఈ అడుగే, కాబట్టి ఒక ఊహాజనిత కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, నలుగురికీ గ్రీన్ కార్డులు ఉన్నాయి. 2024లో భర్త జీతం 1,56,000 డాలర్లు, భార్య జీతం 42,000, కలిపి 1,98,000. భర్త ఉద్యోగం 2026 మార్చి 31న పోయింది. ఎనిమిది వారాల సెవరెన్స్ ఇచ్చారు. రాష్ట్రం వారానికి 450 డాలర్ల చొప్పున 26 వారాల భృతి మంజూరు చేసింది.

2026 క్యాలెండరు సంవత్సరాన్ని చూస్తే, మూడు నెలల జీతం 39,000, సెవరెన్స్ 24,000, భృతి 11,700, భార్య జీతం 42,000, మొత్తం 1,16,700 డాలర్లు. అదే కుటుంబానికి ఏప్రిల్ నుంచి మరుసటి మార్చి వరకు పన్నెండు నెలలను చూస్తే, ఉద్యోగం ఉన్న మూడు నెలల జీతం తప్పుకుని 77,700 మాత్రమే మిగులుతుంది. ఇల్లు అదే, మనుషులు వాళ్లే, లెక్కకు తీసుకున్న పన్నెండు నెలలే మారాయి.

ఈ తేడా ఎంతదూరం పోతుందో చూడండి. పెల్ గ్రాంటు అర్హతకు పేదరిక రేఖతో పోలిక ఒక కొలమానం. భార్యాభర్తలిద్దరూ ఉన్న ఇంట్లో, తల్లిదండ్రుల ఆదాయం ఆ రేఖకు 175 శాతం లోపుంటే గరిష్ఠ పెల్, 275 శాతం లోపుంటే కనీస పెల్ వస్తుంది. ఒంటరి తల్లి లేదా తండ్రి అయితే ఈ హద్దులు 225, 325 శాతం. నలుగురు సభ్యుల కుటుంబానికి 2024 పేదరిక రేఖ 31,200 డాలర్లు, దానికి 275 శాతం అంటే 85,800. మన ఊహాజనిత కుటుంబం 1,16,700 దగ్గర ఆ హద్దుకు బయట, 77,700 దగ్గర లోపల ఉంటుంది. కనుక కాలేజీ ఏ పన్నెండు నెలలను లెక్కకు తీసుకుంటుందో అప్పీలు ఫారం నింపే ముందే అడిగి తెలుసుకోండి. కొన్ని కాలేజీలు క్యాలెండరు సంవత్సరాన్ని, కొన్ని ఉద్యోగం పోయిన నాటి నుంచి పన్నెండు నెలలను తీసుకుంటాయి. వారు ఎంపిక మీకే వదిలితే రెండు లెక్కలూ వేసి చూసుకోండి.

ఇంతచేసీ పెల్ మీదే ఆశలన్నీ పెట్టుకోవద్దు. 2025–26లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు, కనిష్ఠం 740. మధ్యతరగతి కుటుంబానికి అసలు ఊరట సాధారణంగా ప్రైవేటు కాలేజీ సొంత గ్రాంటు పెంచడం వల్లనో, రుణంలో కొంత భాగం చదువుకున్నంతకాలం వడ్డీ భారం లేని సబ్సిడీ రుణంగా మారడం వల్లనో వస్తుంది. సొంత నిధులు పెద్దగా లేని స్టేట్ యూనివర్సిటీలో ఎస్ఏఐ సగానికి తగ్గినా చేతికి వచ్చే గ్రాంటు పెరగకపోవచ్చు. మార్కుల మీద ఇచ్చిన మెరిట్ స్కాలర్‌షిప్పుకు మాత్రం ఈ గొడవతో సంబంధం లేదు, అది అలాగే ఉంటుంది.

ఏడో అడుగు: లేఖ

చాలా కాలేజీలు సొంత ఫారం ఇస్తాయి, దానితో పాటు ఒక పేజీ లేఖ జత చేయడం మంచిది. మొదటి పేరాలో విద్యార్థి పేరు, కాలేజీ గుర్తింపు సంఖ్య, ఏ విద్యా సంవత్సరానికి అడుగుతున్నారన్నది ఉండాలి. రెండో పేరాలో ఉద్యోగం పోయిన తేదీ, జీతం, సెవరెన్స్, భృతి, భార్య లేదా భర్త ఆదాయం అంకెలతో రాయాలి. మూడో పేరాలో 2024 ఆదాయానికీ ఇప్పటి అంచనాకూ మధ్య తేడా ఒక్క వాక్యంలో చెప్పి, ఫలానా అంకెను మార్చమని కోరాలి. చివర జతపరిచిన కాగితాల పట్టిక. అంతే.

భారతదేశంలోని వృద్ధ తల్లిదండ్రులకు నెలనెలా డబ్బు పంపుతుంటే ఆ సంగతి రాయవచ్చు, బ్యాంకు బదిలీ రసీదులతో పాటు. దానిని పరిగణించడం అధికారి ఇష్టం. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే అదీ రాయండి. 2024–25 నుంచి ఫాఫ్సా సూత్రం ఈ సంగతిని పట్టించుకోవడం మానేసింది, కొన్ని కాలేజీలు తమ సొంత గ్రాంటు లెక్కలో ఇప్పటికీ చూస్తాయి.

అమెరికా కాలేజీలు విద్యార్థిని పెద్దవాడిగా చూస్తాయి కాబట్టి, అతని ఖాతా గురించి తల్లిదండ్రులతో మాట్లాడటానికి అతని అనుమతి కావాలి. ఈ అడుగులో చాలా ఇళ్లలో ఎదురయ్యే అడ్డు వేరు. ఉద్యోగం పోయిన సంగతి పిల్లలకు చెప్పి ఉండరు. పొద్దున్నే టిఫిను బాక్సు పట్టుకుని లైబ్రరీకి వెళ్లి కూర్చునే తండ్రులు ఉన్నారు. పరువు కోసం దాచిన ఆ మాట, విద్యార్థి పోర్టల్ నుంచి పంపవలసిన అభ్యర్థనకు అడ్డుపడుతుంది. కాలేజీ ఎయిడ్ కార్యాలయంలో ఈ సంగతి విని ఎవరూ ఆశ్చర్యపోరు, వారికిది రోజూ చూసే ఫైలు.

ఎనిమిదో అడుగు: జవాబు వచ్చాక

నిర్ణయానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈలోగా బిల్లు గడువు వస్తే, అప్పీలు పరిశీలనలో ఉందని విద్యార్థి ఖాతాల విభాగానికి తెలియజేసి, ఆలస్య రుసుము పడకుండా చూడమని అడగండి. చదువు మధ్యలో ఉద్యోగం పోయినా అప్పీలు చేయవచ్చు, కొత్త సంవత్సరం దాకా ఆగనక్కర్లేదు. కాలేజీ సొంత గ్రాంటు నిధులు ఏడాది గడిచేకొద్దీ అయిపోతాయి కాబట్టి, తొందరగా అడిగినవారికి మేలు.

అప్పీలు తరువాత కూడా లోటు మిగిలితే రుణాల దాకా వెళ్లక తప్పదు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ డైరెక్ట్ రుణం మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, ఆ తరువాత ఏడాదికి 7,500, మొత్తంమీద 31,000 దాటదు. తల్లిదండ్రులు తమ పేర తీసుకునే పేరెంట్ ప్లస్ రుణం మంజూరుకు క్రెడిట్ చరిత్రలో పెద్ద మచ్చలు లేకపోవడమే చూస్తారు, ఆదాయాన్ని చూడరు. ఉద్యోగం లేనివారికీ అది సులువుగా దొరుకుతుంది, అందులోని ప్రమాదమూ అదే. 2025–26లో దాని వడ్డీ 8.94 శాతం, విద్యార్థి రుణం వడ్డీ 6.39 శాతం. 2026 జులై 1 నుంచి కొత్తగా పేరెంట్ ప్లస్ రుణం తీసుకునేవారికి ఒక్కో విద్యార్థి పేర ఏడాదికి 20,000, మొత్తం 65,000 డాలర్ల పరిమితి వచ్చింది. ప్లస్ రుణం తిరస్కరణకు గురైతే విద్యార్థి తన పేరనే అదనంగా, మొదటి రెండేళ్లు ఏడాదికి 4,000, ఆ తరువాత 5,000 డాలర్లు తీసుకోవచ్చు. జీతం లేని తండ్రి మీద పడే అప్పు కంటే ఇది మేలన్నది నా అభిప్రాయం.

కాలేజీ నెలవారీ వాయిదాల పథకం, అత్యవసర సహాయ నిధి ఉన్నాయేమో కూడా అడగండి. పన్ను రిటర్నులో మరో ఊరట ఉంది. ఉమ్మడి రిటర్ను వేసే దంపతులకు ఆదాయం 1,60,000 డాలర్లు దాటితే తగ్గడం మొదలై 1,80,000 దగ్గర పూర్తిగా ఆగిపోయే అమెరికన్ ఆపర్చునిటీ పన్ను రాయితీ, ఆదాయం తగ్గిన ఏడాది మీకు అందుబాటులోకి రావచ్చు. ఒక విద్యార్థికి ఏడాదికి 2,500 డాలర్ల దాకా, నాలుగేళ్ల వరకు వస్తుంది. కట్టవలసిన పన్ను లేకపోయినా అందులో 1,000 డాలర్ల దాకా తిరిగి చేతికిస్తారు.

తొమ్మిదో అడుగు: రెండేళ్ల తరువాతి ఫారం కోసం ఇప్పుడే జాగ్రత్త

ఒక ఏడాదికి చేసిన సర్దుబాటు మరుసటి ఏడాదికి దానంతట అది కొనసాగదు. 2027–28 ఫాఫ్సా 2025 ఆదాయాన్ని, అంటే ఉద్యోగం ఉన్న చివరి పూర్తి సంవత్సరాన్ని చూస్తుంది కాబట్టి అప్పుడు మళ్లీ ఇదే అభ్యర్థన పెట్టాలి. ఈలోగా కొత్త ఉద్యోగం వస్తే కాలేజీకి తెలియజేయాలా అన్నది మీరు సంతకం చేసిన ఫారంలోని షరతులను బట్టి ఉంటుంది, దానిని చదివి సంతకం చేయండి.

2026 ఆదాయం 2028–29 ఫాఫ్సాలో కనబడుతుంది. ఆ లెక్క సహజంగా తక్కువగా ఉండాలి, కానీ ఇంటి ఖర్చుల కోసం 401కె నుంచి డబ్బు తీస్తే అది ఆదాయంగా చేరి ఆ మేలును మింగేస్తుంది. ఖాతాలో ఉన్నంతకాలం ఫాఫ్సాకు కనబడని డబ్బు, బయటికి తీసిన ఏడాది జీతంతో సమానంగా లెక్కకు వస్తుంది. 59 ఏళ్ల ఆరు నెలలు నిండకుండా తీస్తే సాధారణంగా పది శాతం అదనపు పన్ను కూడా పడుతుంది. నిరుద్యోగ భృతి మీద కూడా ఫెడరల్ పన్ను ఉంటుంది, జనవరిలో 1099-జి ఫారం వస్తుంది. అందుకే పిల్లల చదువుకు దాచిన 529 ఖాతా ఉంటే ముందు దానిని వాడటం నయం. చదువు ఖర్చులకు తీసిన ఆ డబ్బు ఆదాయంలో చేరదు. గత్యంతరం లేక 401కె తీయవలసి వస్తే, ఆ సొమ్ము తనఖా వాయిదాలకో వైద్య బిల్లులకో వెళ్లినట్టు చూపే రసీదులను లేఆఫ్ లేఖతో కలిపి ఒకే ఫైలులో దాచండి. 2027 శరదృతువులో 2028–29 ఫారం వేశాక, అది మళ్లీ రాని ఆదాయమని ఎయిడ్ అధికారిని ఒప్పించడానికి ఆ రసీదులే కావాలి.